పొరల బండ బరువు కింద ఎలా విరుగుతుంది? బొగ్గు గని పైకప్పు చెప్పే లెక్క

క్లుప్తంగా: ఒక రాతి ముక్కను ప్రయోగశాలలో నలిపితే వచ్చే బలం అంకె పొరల బండకు సరిపోదు. మెత్తని పొర తన పక్కనున్న గట్టి పొరను అడ్డంగా లాగి చీలుస్తుంది. పొరల వాలు కలిసిరాకపోతే బలం పదో వంతుకు పడిపోవచ్చు. పలచని పొరైతే నలగకముందే వంగి ఊడిపోతుంది. మన బొగ్గు గనుల్లో పైకప్పుకు వేసే మార్కుల్లో రాతి బలానికి కేటాయించిన వాటికి రెట్టింపు పొర మందానికి కేటాయించింది అందుకే.

## కర్రతో తట్టి చూసే పరీక్ష

బొగ్గు గనిలో షిఫ్టు దిగగానే మైనింగ్ సర్దార్ (పనిచోట భద్రత చూసే ఉద్యోగి) చేసే మొదటి పనుల్లో పైకప్పును తట్టి చూడటం ఒకటి. చివర ఇనుప పొన్ను తొడిగిన కర్రతో బండను కొడతాడు. ఖంగుమంటే అది పైపొరతో కలిసే ఉందని లెక్క. పగిలిన కుండలా డొల్లగా పలికితే అనుమానించాలి. రెండో చేతిని బండకు ఆనించి కొడితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అరచేతికి సన్నని అదురు తగిలిందంటే ఆ పొర పైదాన్నుంచి విడిపోయి వేలాడుతోందన్నమాట.

డొల్లగా మోగిన ఆ బండనే కోసి ప్రయోగశాలకు పంపితే నిన్నటి బలమే వస్తుంది. రాతిలో ఏ మార్పూ ఉండదు. రెండు పొరల మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడింది, అంతే. గని పైకప్పు కూలినప్పుడల్లా ‘అంత గట్టి బండ ఎలా పడింది?’ అన్న ప్రశ్న వినిపిస్తుంది. బండ మొత్తాన్నీ ఒకే వస్తువు అనుకోవడం వల్ల వచ్చే ప్రశ్న అది. బొగ్గు ఉన్నచోట బండ ఎప్పుడూ ఒకే వస్తువు కాదు.

## నేల కింద పేర్పు

సింగరేణి గనులున్న గోదావరి లోయలో బొగ్గు పొరలు ప్రధానంగా బరాకర్ శ్రేణి అనే రాతి వరసల్లో ఉన్నాయి. కోట్ల ఏళ్ల కిందటి నదులు, చిత్తడి అడవులు వేసిన పూడిక అది. ప్రవాహం జోరుగా ఉన్నచోట ఇసుక పడింది. నెమ్మదించినచోట ఒండ్రు, బంకమన్ను పేరుకున్నాయి. నీరు నిలిచినచోట మొక్కల చెత్త మురిగింది. నది దారి మార్చుకున్నప్పుడల్లా ఈ వరస మారింది. ఇసుక ఇసుకరాయిగా, ఒండ్రు షేల్‌గా, చెత్త బొగ్గుగా గట్టిపడ్డాయి. అందుకే ఏ బోరు వేసినా బయటికొచ్చే కోర్‌లో (రాతి కడ్డీలో) ఇసుకరాయి, షేల్, బొగ్గు, మధ్యమధ్య వేలెడు మందం బంకమట్టి పట్టీలు మారుమారుగా కనిపిస్తాయి.

ప్రయోగశాల పరీక్షలో ఒక చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బలం కొలవాలంటే వ్యాసానికి రెండు, రెండున్నర రెట్లు పొడవున్న స్తంభం లాంటి ముక్క కావాలి. బంకమట్టి పట్టీ ఉన్నచోట కోర్ డ్రిల్లింగ్‌లోనే విరిగిపోతుంది. విరగని ముక్కలే యంత్రం దాకా వెళ్తాయి. అంటే బండలో అన్నిటికంటే బలహీనమైన భాగం పరీక్షకు రాకుండానే జారుకుంటుంది. చివరికి నివేదికలో మిగిలేది గట్టి పొరల బలం. పైకప్పు బలం అందులో ఉండదు.

## మెత్తనిది గట్టిదాన్ని చీల్చే తీరు

రబ్బరు ముక్కను పైనుంచి నొక్కితే పక్కలకు ఉబ్బుతుంది. రాయి కూడా ఉబ్బుతుంది, కాకపోతే కంటికి కనిపించనంత. మెత్తని రాయి ఎక్కువగా, గట్టి రాయి తక్కువగా ఉబ్బుతాయి. ఈ రెండూ ఒకదానిపై ఒకటి అతుక్కుని ఉన్నప్పుడు అసలు కథ మొదలవుతుంది.

ఉదాహరణకు సమాన మందం ఉన్న రెండు పొరలు తీసుకుందాం. గట్టి పొర స్థితిస్థాపక గుణకం (బిగువు కొలత) 20 గిగాపాస్కల్ (గిగా అంటే వెయ్యి మెగా), పాయిజాన్ నిష్పత్తి (నొక్కితే పక్కలకు ఎంత ఉబ్బుతుందన్న కొలత) 0.2. మెత్తని పొరకు అవి 2 గిగాపాస్కల్, 0.3. పైనుంచి 10 మెగాపాస్కల్ బరువు వేద్దాం. అంటే చదరపు మీటరుకు సుమారు 1,000 టన్నులు, నేల కింద 400 మీటర్ల లోతున ఉండే భారం. పొరలు విడివిడిగా ఉంటే మీటరు వెడల్పుకు గట్టిది 0.1 మిల్లీమీటరు, మెత్తనిది 1.5 మిల్లీమీటర్లు విస్తరిస్తాయి. అతుకు జారకపోతే రెండూ ఒకే మేర విస్తరించక తప్పదు. లెక్క వేస్తే 0.24 మిల్లీమీటరు దగ్గర రాజీ కుదురుతుంది.

ఆ రాజీకి రెండూ మూల్యం చెల్లిస్తాయి. ఉబ్బాలనుకున్న మెత్తని పొర కుదించుకుపోయి, నాలుగు వైపులా 3.6 మెగాపాస్కల్ ఒత్తిడిలో ఇరుక్కుంటుంది. గట్టి పొర సాగదీతకు గురై అంతే స్థాయిలో, అంటే 3.6 మెగాపాస్కల్ లాగుడును మోస్తుంది. రాయికి నలుపుడును తట్టుకునే శక్తితో పోలిస్తే లాగుడును తట్టుకునే శక్తి సుమారు పదో వంతే. 40 మెగాపాస్కల్ బలమున్న ఇసుకరాయి 4 దగ్గరే లాగుడుకు చీలుతుంది. ఈ పేర్పులో పైబరువు 11 మెగాపాస్కల్ చేరేసరికే ఆ లాగుడు వచ్చేస్తుంది. విడిగా 40 మోయగల రాయి జత కలిశాక పావు వంతు బరువుకే నిలువునా చీలుతుందన్నమాట. పగుళ్లు అతుకు దగ్గర మొదలై గట్టి పొరలోకి ఎక్కుతాయి. గట్టిది ముందు విరగడం వింతగా అనిపించినా కారణం ఇదే.

మెత్తని పొర పలచబడితే కథ తిరగబడుతుంది. పై ఉదాహరణలోనే దాని మందాన్ని గట్టి పొరలో అయిదో వంతుకు తగ్గిస్తే గట్టి పొరలో లాగుడు 0.8 మెగాపాస్కల్‌కు పడిపోతుంది. మెత్తని పొరపై పక్క ఒత్తిడి మాత్రం 3.9గా ఉంటుంది. దాని ఘర్షణ కోణం (లోపలి రాపిడి జారుడును ఎంత అడ్డుతుందన్న కొలత) 30 డిగ్రీలైతే ఆ పక్క ఒత్తిడి వల్ల దాని బలం దాదాపు 12 మెగాపాస్కల్ పెరుగుతుంది. రెండు బండల మధ్య బిగుసుకున్న పలచని షేల్ పట్టీ ఊహించిన దానికంటే ఎక్కువ మోయడం ఇందువల్లే. అయితే ఈ లాభం బండ లోపలి భాగానికే. అంచున పక్క నుంచి పట్టి ఉంచేది ఏమీ ఉండదు కాబట్టి అక్కడ మెత్తని పొర పిండినట్టు బయటికొస్తుంది. గనిలో పిల్లర్ల (పైబరువు మోయడానికి వదిలిన బొగ్గు దిమ్మెల) పక్కలు రాలడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి. అతుకులో తడి బంకమట్టి ఉంటే పొరలు ఒకదానిపై ఒకటి జారతాయి, అప్పుడు ఈ రాజీ లెక్కే వర్తించదు.

ఇటుక గోడలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. గట్టి ఇటుక, మెత్తని సున్నం ఉన్న గోడ మోయలేని బరువు పడితే ఇటుకలే నిలువునా చీలతాయి. పాఠ్యపుస్తకాల్లో కనిపించే బొమ్మ అది. మన దక్షిణాది ఇటుకలకు మాత్రం ఈ బొమ్మ తలకిందులు. వాటికంటే సిమెంటు మాలే గట్టిదని, కాబట్టి లాగుడు మాలు వంతుకు, పక్క ఒత్తిడి ఇటుక వంతుకు వస్తాయని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జరిగిన పరిశోధనలు చూపాయి. పొరల్లో ఏది గట్టిదో తెలియకుండా ఏది ముందు చీలుతుందో చెప్పలేమని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

## వాలు చేసే తేడా

తాండూరు, బేతంచర్ల క్వారీల్లో నాపరాయి తీసేవాళ్లు రాయిని బద్దలు కొట్టరు, విడదీస్తారు. పొర అంచున ఉలి ఆనించి దెబ్బ మీద దెబ్బ వేసుకుంటూ పోతే ఒకచోట గీత పడుతుంది. గునపం దూర్చి ఎత్తితే బల్లపరుపుగా పలక లేస్తుంది. అదే రాయిని పొరకు అడ్డంగా విరగ్గొట్టాలంటే చెమటలు పడతాయి. రాయి ఒకటే అయినా దిక్కును బట్టి బలం మారుతుందని ఆ పనివాళ్ల చేతులకు ఎప్పుడో తెలుసు. దాన్ని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జె.సి. జేగర్ 1960లో సమీకరణంగా రాశారు.

ఆయన ఊహ సరళమైనది. రాయికి ఒక బలం, అందులోని పొరల అతుకుకు వేరే తక్కువ బలం ఉంటాయి. బరువు వేసినప్పుడు ఈ రెండింట్లో ఏది ముందు లొంగితే అదే రాతి బలం. పొరలకు నిట్టనిలువుగా నొక్కితే అతుకు జారడానికి వీల్లేదు. పొరల వెంబడి నొక్కినా అంతే. మధ్యలో, బరువు దిశకు సుమారు 30 డిగ్రీల కోణంలో పొర ఉన్నప్పుడు జారడం అన్నిటికంటే తేలిక. కోణానికి, బలానికి గ్రాఫు గీస్తే రెండు చివరలా ఎత్తుగా, మధ్యలో పళ్లెంలా లోతుగా వస్తుంది.

ఆ లోతు ఎంత? రాతి సంసక్తి (రేణువులు ఒకదాన్నొకటి పట్టి ఉంచే బలం) 20 మెగాపాస్కల్, అతుకుది 2, రెండింటి ఘర్షణ కోణం 30 డిగ్రీలు అనుకుంటే, పక్క ఒత్తిడి లేనప్పుడు రాతి బలం 69 మెగాపాస్కల్, అదే రాయి చెడ్డ కోణంలో 6.9. సరిగ్గా పదో వంతు. పక్క నుంచి 5 మెగాపాస్కల్ ఒత్తిడి పెడితే ఆ అంకెలు 84, 22 అవుతాయి. తేడా పదింతల నుంచి నాలుగింతల లోపుకు దిగింది. భూగర్భంలో లోతుగా, అన్ని వైపులా పట్టి ఉన్న రాయికి పొరల వాలు అంత పెద్ద సమస్య కాదు. కానీ అక్కడ గల్లీ (గని లోపలి దారి) తవ్వగానే ఒక వైపు ఒత్తిడి సున్నా అవుతుంది. రాయిని బలహీనపరిచేది చాలావరకు తవ్వకమే.

జేగర్ నమూనాకు పరిమితులున్నాయి. నిజమైన షేల్‌ను పొరల వెంబడి నొక్కితే చాలాసార్లు అది పలకలుగా విడిపోయి, నమూనా చెప్పిన దానికంటే తక్కువ బరువుకే విరుగుతుంది. బొగ్గు పొరల వాలు మెల్లగా ఉన్నచోట పైబరువు దాదాపు నిట్టనిలువుగా పడుతుంది కాబట్టి చెడ్డ కోణం రాదని అనిపిస్తుంది. కానీ గల్లీ మూలల దగ్గర ఒత్తిడి దిశ తిరుగుతుంది. ఆ మలుపులో ఎక్కడో ఒకచోట 30 డిగ్రీల కోణం తటస్థపడుతుంది. ఓపెన్‌కాస్ట్ గుంతలో పొరలు గుంత వైపు వాలితే చెప్పేదేముంది, గట్టు పొరల మీదుగా జారుతుంది.

## నలగకముందే వంగే పొర

గల్లీ పైకప్పు విషయంలో ఇంతవరకు చెప్పుకున్న రెండింటికంటే ప్రమాదకరమైన తీరు మరొకటుంది. గల్లీ తవ్వగానే కప్పు కింద ఆధారం పోతుంది. భూమిలో అడ్డంగా ఉండే ఒత్తిడి మాత్రం అలాగే ఉండి కప్పు పొరలను రెండు వైపుల నుంచీ నొక్కుతూ ఉంటుంది. బెత్తాన్ని రెండు చేతులతో చివరల నుంచి నొక్కితే అది నలగదు, వంగుతుంది. పలచని పొరకూ అదే గతి.

4 మీటర్ల వెడల్పు గల్లీ పైన 10 సెంటీమీటర్ల షేల్ పొర ఒకటి పైదాన్నుంచి విడిందనుకుందాం. స్థితిస్థాపక గుణకం 5 గిగాపాస్కల్. చివరలు మడత బందుల్లా తిరగగలిగితే ఆయిలర్ సూత్రం (సన్నని కడ్డీ ఎంత నొక్కుడుకు వంగుతుందో చెప్పేది) ప్రకారం అది దాదాపు 2.6 మెగాపాస్కల్ అడ్డ ఒత్తిడికే వంగిపోతుంది. చివరలు గట్టిగా బిగుసుకుని ఉంటే ఇందుకు నాలుగింతలు, సుమారు 10 పడుతుంది. ప్రయోగశాలలో ఆ షేల్ 30 మోసి ఉండవచ్చు. వంగడానికి ఆ 30తో పనే లేదు. సూత్రంలో రాతి బలం అసలు కనిపించదు. అందులో ఉండేవి మందం, వెడల్పు, బిగువు. మందం సగమైతే తట్టుకునే ఒత్తిడి నాలుగో వంతవుతుంది.

సొంత బరువుకు కుంగే విషయంలో మందం ప్రభావం ఇంకా ఎక్కువ. మీటరు మందం ఒకే బండగా ఉంటే దాని వంపు నిరోధం ఎంతో, అదే మీటరు పది పొరలుగా విడిపోతే అందులో నూరో వంతే మిగులుతుంది. వంపు నిరోధం మందం ఘనాన్ని బట్టి పెరగడమే ఇందుకు కారణం. నోటుబుక్కును రెండు చివరలా పట్టుకుంటే పేజీలు ఒకదానిపై ఒకటి జారుతూ మధ్యలో కుంగుతుంది. అంచులన్నీ క్లిప్పులతో బిగిస్తే అట్టముక్కలా నిలబడుతుంది. రూఫ్ బోల్టు (పైకప్పులో రంధ్రం వేసి బిగించే ఇనుప కడ్డీ) చేసే పని ఆ క్లిప్పు పనే. కింది పొరను పైన గట్టి పొరకు వేలాడదీయడం బోల్టు ఉద్యోగమని చాలామంది అనుకుంటారు. అదీ ఒక పాత్రే. పైన గట్టి పొర అందుబాటులో లేనప్పుడు కూడా బోల్టు పనికొస్తుంది, ఎందుకంటే పొరలు జారకుండా కుట్టి వాటిని ఒకే దూలంగా మారుస్తుంది. అందుకే బోల్టులు పడే సమయం కూడా కీలకం. పొరలు విడిపోయాక వేసిన బోల్టు వాటిని మళ్లీ అతికించలేదు.

## పిల్లర్ ఒక్కటే ఎప్పుడూ విరగదు

బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో గల్లీల మధ్య వదిలిన బొగ్గు దిమ్మెలు పైబరువు మోస్తాయి. 200 మీటర్ల లోతున ఆ బరువు సుమారు 5 మెగాపాస్కల్. పిల్లర్ల కేంద్రాల మధ్య దూరం 30 మీటర్లు, గల్లీ వెడల్పు 4 మీటర్లు అయితే గల్లీల వంతు కూడా కలిసి పిల్లర్‌పై 6.7 పడుతుంది. డీపిల్లరింగ్ (వదిలిన పిల్లర్లను కూడా తవ్వి తీయడం) మొదలై పక్క పిల్లర్లు తగ్గేకొద్దీ మిగిలినవాటి భారం పెరుగుతుంది.

పిల్లర్ బలానికి ప్రపంచమంతా వాడే సూత్రాల్లో ప్రసిద్ధమైనది ఒక విపత్తు నుంచి పుట్టింది. 1960 జనవరి 21న దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ గనిలో పిల్లర్లు గొలుసుకట్టుగా కూలి 430 మందికి పైగా మరణించారు. ఆ తర్వాత సాలమన్, మన్రో అనే పరిశోధకులు అక్కడి గనుల్లో నిలిచిన 98, కూలిన 27 పిల్లర్ ఉదంతాలను పోల్చి 1967లో సూత్రం ప్రకటించారు. దాని ప్రకారం వెడల్పు పెరిగితే పిల్లర్ బలం పెరుగుతుంది, ఎత్తు పెరిగితే తగ్గుతుంది. మన దేశంలో ధన్‌బాద్ పరిశోధన సంస్థ రూపొందించిన సూత్రంలో బొగ్గు బలం, లోతు కూడా చేరాయి. రెండింటిలోనూ పిల్లర్ పైనా కిందా ఏ రాయి ఉందన్న పదం నేరుగా లేదు. దక్షిణాఫ్రికా పైకప్పు, నేల ఎలా ఉన్నాయో అది ఆ 125 ఉదంతాల్లోనే దాగి ఉంది. నేల బంకమట్టిగా ఉన్న గనికి ఆ సూత్రాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం వేరొకరి కొలతలతో చొక్కా కుట్టించుకోవడం లాంటిదే. మెత్తని నేలపై పిల్లర్ విరగకుండానే కిందికి దిగుతుంది, నేల గల్లీలోకి ఉబ్బుతుంది, దాంతో పైకప్పు కుంగి పొరలు విడతాయి.

పైనా కిందా గట్టి ఇసుకరాయి ఉంటే మేలేనా? మోసే శక్తి పెరుగుతుంది. విరిగితే మాత్రం హఠాత్తుగా విరుగుతుంది. 20 మెగాపాస్కల్ ఒత్తిడిలో 2 గిగాపాస్కల్ బిగువున్న బొగ్గు ఘనపు మీటరులో 100 కిలోజౌళ్ల శక్తి దాగి ఉంటుంది. 20 గిగాపాస్కల్ ఇసుకరాయిలో 10 కిలోజౌళ్లే. ఇక్కడితో ఆగితే ఇసుకరాయి నిరపాయంగా కనిపిస్తుంది. కానీ బొగ్గు మందం 3 మీటర్లయితే పైనున్న ఇసుకరాయి పదుల మీటర్లు ఉండవచ్చు. అది 30 మీటర్లయితే రెండింటిలోని శక్తి సమానం. బొగ్గు లొంగడం మొదలవగానే ఇసుకరాయి వదులై తన శక్తినంతా ఆ బొగ్గులోకే వదులుతుంది. ఆ శక్తి బొగ్గు పగలడానికి అవసరమైన దానికంటే ఎక్కువైతే మిగులు బొగ్గు ముక్కల్ని గల్లీలోకి విసిరేస్తుంది. దీన్నే బంప్ అంటారు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని క్రాండాల్ కాన్యన్ గనిలో 2007 ఆగస్టు 6న పిల్లర్లు ఇలా ఒక్కసారిగా పగిలినప్పుడు భూకంపాలను కొలిచే కేంద్రాల్లో 3.9 తీవ్రత నమోదైంది. లోపల ఆరుగురు చిక్కుకున్నారు. పది రోజుల తర్వాత మళ్లీ బంప్ వచ్చి సహాయక బృందంలో ముగ్గురు మరణించారు. మందమైన గట్టి ఇసుకరాయి పొరలు ఆ ప్రాంతపు గనుల లక్షణం.

## 30 మార్కులు, 15 మార్కులు

పొరల బండను ఒకే అంకెతో కొలవలేమన్న సంగతి మన గనుల నియమాల్లో చాలాకాలంగా ఉంది, బయటివాళ్లకే అంతగా తెలియదు. 1980ల చివర్లో ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల పరిశోధన సంస్థ బొగ్గు గని పైకప్పుకు వంద మార్కుల పద్ధతి ఒకటి తయారుచేసింది. గల్లీల సపోర్టు ప్రణాళికలకు ఇప్పటికీ అదే ఆధారం. మార్కులు ఇలా పంచారు: పొర మందానికి 30, పగుళ్లు, జారుడు తలాల వంటి నిర్మాణ లోపాలకు 25, నీరు, గాలి తగిలినప్పుడు చివికే గుణానికి 20, రాతి బలానికి 15, ఊట నీటికి 10.

యంత్రంలో నలిపి తెచ్చిన అంకెకు ఇందులో ఉన్నది 15 మార్కులే. పొర మందం అర మీటరు దాటితే 30కి దగ్గరగా వస్తాయి. 2.5 సెంటీమీటర్ల కంటే పలచనైతే దాదాపు ఏమీ రాదు. గట్టి రాయే అయినా పలకలు పలకలుగా ఉంటే పైకప్పు తక్కువ తరగతిలోకి పోతుంది. ఓ మోస్తరు రాయే మందంగా, పగుళ్లు లేకుండా ఉంటే మంచి తరగతిలో నిలుస్తుంది. వంపు లెక్క, ఘనం లెక్క చూశాక ఈ పంపకంలో ఆశ్చర్యపోవాల్సింది లేదు. చివికే గుణానికి 20 ఇవ్వడమూ సబబే. వానాకాలంలో గాలిలోని తేమ గనిలోకి దిగినప్పుడు బంకమట్టి కలిసిన షేల్ తడిసి, ఆరి, పెచ్చులుగా రాలుతుంది. బోల్టు పళ్లెం కింద బండ చివికిందంటే బోల్టు ఎంత బిగించినా ప్రయోజనం లేదు.

ఈ పద్ధతి పైకప్పుకే పరిమితం. పిల్లర్‌కూ నేలకూ మధ్య అతుకు దీని పరిధిలోకి రాదు. మార్కులు వేసేది కూడా గల్లీ తవ్వినప్పటి పరిస్థితికే. నెలల తర్వాత పొరలు విడుతున్నాయా లేదా అన్నది విడిగా కనిపెట్టాలి. కర్ర దెబ్బకు తెలిసేది కింది ఒకటి రెండు పొరల సంగతే. అంతకు పైన చూడటానికి టెల్‌టేల్ అనే చిన్న సాధనం ఉంది. పైకప్పులో వేసిన రంధ్రంలో రెండు ఎత్తుల్లో తీగల్ని బిగించి, వాటికి అమర్చిన గీతల పట్టీల్ని గల్లీలోకి వేలాడదీస్తారు. రెండు పట్టీలూ మిల్లీమీటర్లలో కదలికను చూపుతాయి. ఒకటి బోల్టుల ఎత్తు లోపల పొరలు ఎంత విడ్డాయో చెబుతుంది. అది జరిగితే బోల్టులు చాలడం లేదని, ఇంకొన్ని వేయాలని అర్థం. రెండోది బోల్టులు అందని ఎత్తులో వచ్చిన కదలికను చెబుతుంది. అది జరిగితే పొట్టి బోల్టులు ఎన్ని వేసినా లాభం లేదు, ఎందుకంటే కుట్టిన దూలమంతా ఒక్కటిగా దిగుతోంది.